మాటు బరువు: మేడ్చల్, శామీర్‌పేట చెలకల్లో వేటగాళ్ళ తడికల చరిత్ర

వేట గురించి రాసిన పుస్తకాలకు మన దేశంలో కొదవ లేదు. ఇంగ్లీషు దొరలు రాసుకున్నవి, నవాబుల కొలువులో రాయించినవి, అటవీ అధికారులు రాసినవి పాత గ్రంథాలయాల్లో వరుసగా ఉంటాయి. తుపాకి ఏ రకానిదో, పులి ఎన్ని అడుగుల పొడవుందో, ఆ రోజు దొర ఏం తిన్నాడో వాటిలో దొరుకుతుంది. దొర కూర్చున్న చాటును ఎవరు కట్టారు, దేనితో కట్టారు, ఆ సామాను ఎవరి నెత్తిమీద వచ్చింది అని వెతికితే మాత్రం ఒక వాక్యం కూడా దొరకడం కష్టం. మేము ఈ వ్యాసంలో ఆ చాటు గురించే రాస్తున్నాం.

ముందే ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఇది వేటకు పొమ్మని చెప్పే వ్యాసం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువును చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, వల వేయడం, ఎర చూపడం, అందుకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. మొదటి షెడ్యూల్లో ఉన్న జీవులైతే 3 నుంచి 7 ఏళ్ళ జైలు శిక్ష ఉంటుంది. మన పిల్లలెవరూ ఆ దారిన పోకూడదు. అయితే వేట ఆగినంత మాత్రాన వేటగాడి తెలివిని కూడా నేరం కింద జమకట్టి మరచిపోవాలా? మా ప్రశ్న అదే.

మాటలను వింటే తెలిసేది

మాటు అంటే పొంచి ఉండే చోటు. చాటు అంటే కంటికి అడ్డం. దడి అంటే నేలలో పాతిన కట్టెల అడ్డు. తడిక అంటే కట్టెలనో, ఆకులనో, దబ్బలనో వరుసగా పేర్చి కట్టిన అడ్డు. దడిని కదిలించలేం, తడికను చంకన పెట్టుకుని పోవచ్చు. మంచె అంటే నాలుగు గుంజల మీద కట్టిన ఎత్తైన కూర్చునే చోటు, జొన్నచేను కాచేవాళ్ళు ఒడిసెల పట్టుకుని కూర్చునేది. దీమం అంటే తోటి పిట్టలను దగ్గరికి రప్పించడానికి మచ్చిక చేసిన పిట్ట లేదా జంతువు. బ్రౌన్ దొర నిఘంటువులో కూడా ఈ మాట ఉంది.

ఇన్ని మాటలు ఊరికే పుట్టవు. ఒక పనిని తరతరాలుగా చేసినవాళ్ళకే దానిలోని తేడాలు తెలుస్తాయి, తేడాకో పేరు పెడతారు. హిందుస్తానీలో ‘టట్టీ కీ ఆడ్ మే శికార్ ఖేల్నా’ అనే నానుడి ఉంది. టట్టీ అంటే మన తడికే. తడిక చాటున వేటాడటం అని దాని అర్థం. కానీ చాటుగా ఉండి కుట్ర చేసేవాడిని దెప్పడానికే దాన్ని వాడతారు. తెలుగులో ‘మాటు వేసి’ అన్న మాట కూడా ఇప్పుడు పోలీసు వార్తల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. కూటికోసం పేదవాడు చేసిన పనిముట్టు, పెద్దల నోట్లో తిట్టుగా మారింది. ఈ మార్పు ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఆ పనిముట్టును దగ్గరగా చూడాలి.

ఆ నేల ఎలాంటిది

మేడ్చల్, శామీర్‌పేట ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నాయి. ఈ జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకుముందు ఇది రంగారెడ్డి జిల్లా. నిజాం కాలంలో పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్–ఎ–బల్దా జిల్లాలో భాగం. అక్కడి భూములు ఎక్కువగా సర్ఫేఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకోసం కేటాయించినవి. 1949లో అవి ప్రభుత్వంలో కలిసాయి.

ఈ నేల నల్లమలలాంటి దట్టమైన అడవి ఎన్నడూ కాదు. గ్రానైటు గుండ్లు, రాతి పరుపులు, ఎర్ర చెలకలు, మధ్యమధ్య చెరువులు, కుంటలు. మోదుగ, తంగేడు, బలుసు, రేగు, సీతాఫలం, వావిలి, ఈత చెట్లు. చెరువు అంచున జమ్ము, తుంగ. ఇలాంటి నేలలో తిరిగేవి కుందేళ్ళు, కౌజులు, బురకపిట్టలు, చలికాలంలో చెరువుకు దిగే బాతులు. బయలు నేలల్లో కృష్ణజింకలు కూడా ఉండేవి. పట్నానికి మరోవైపు వనస్థలిపురం దగ్గర ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలమే. ఇప్పటికీ అక్కడ కృష్ణజింకలు ఉన్నాయి. శామీర్‌పేటలో జవహర్ జింకల పార్కు ఉంది.

దట్టమైన అడవిలో వేటగాడికి చాటు చెట్టే ఇస్తుంది. చెలకలో అలా కాదు. నడుమెత్తు పొదలు, వాటి మధ్య ఖాళీ నేల. జింక, కౌజు రెండూ దూరంనుంచే మనిషి ఆకారాన్ని పసిగడతాయి. అందుకని బయలు నేలలో వేటగాడు తన చాటును తానే మోసుకుపోవాలి. మోసుకుపోవాలి కాబట్టి అది తేలికగా ఉండాలి. ఈ ప్రాంతపు మాటు కథంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది.

ఇక్కడ తిరిగినవాళ్ళు ఎవరు? ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కన్ అంతా తిరిగి, రైలు వచ్చాక ఆ బేరం పోయి తండాలు కట్టుకున్న లంబాడీలు. బుట్టలు, చాపలు అల్లుతూ ఊరూరా తిరిగిన ఎరుకలవాళ్ళు. పిట్టలు పట్టే పార్థీలు, ఊళ్ళలో పిట్టలోళ్ళు అని పిలిపించుకున్నవాళ్ళు. వీళ్ళలో ఎవరికీ పెద్దగా భూమి లేదు. ఇల్లు కూడా మోసుకుపోగలిగేదే. ఇంటినే మోసుకుపోయేవాళ్ళకు ఏ వస్తువు ఎంత బరువో చేతికి తెలిసినట్టు పుస్తకానికి తెలియదు.

ఏది తేలిక, ఏది పనికొస్తుంది

తేలిక అన్నది ఒక్క బరువు లెక్క కాదు. మాటుకు సామాను ఎంచేటప్పుడు అయిదు సంగతులు కలిపి చూడాలి: బరువు, చప్పుడు, మెరుపు, వాసన, ఎన్నాళ్ళు నిలుస్తుంది. ఒకదాంట్లో మంచిది ఇంకోదాంట్లో చెడ్డది అవుతుంది. ఈ చెలకల్లో దొరికేవాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

కందికట్టె. పంట కోసాక చేనులో మిగిలేది. సన్నగా, నిటారుగా ఉంటుంది. ఎండితే చాలా తేలిక, అయినా విరగకుండా నిలుస్తుంది. రంగు ఎండు చెలక రంగే. గుడిసెకు తడిక, గొర్రెలకు దొడ్డి, కోళ్ళకు గంప, అన్నీ దీనితోనే చేసినవాళ్ళం మనం. వేట తడికకూ ఇదే మొదటి సామాను. కట్టెల మధ్య సందుల్లోంచి లోపలివాడు బయటికి చూడగలడు. బయటినుంచి చూస్తే లోపలి చీకటి తప్ప ఏమీ కనిపించదు.

జొన్నచొప్ప. లోపల బెండులాంటి గుజ్జు ఉంటుంది కనుక బరువు లేదు. కానీ ఎండిన ఆకు గాలికి గలగలమంటుంది, వంచితే విరుగుతుంది, వాన పడితే నీళ్ళు పీల్చి కుళ్ళుతుంది. ఆకు ఒలిచేసి ఒట్టి దంటు వాడితే చప్పుడు తగ్గుతుంది. పశువులకు మేత కాబట్టి కరువు ఏడాది దాన్ని చాటుకు వాడుకునే స్తోమత ఎవరికి ఉంటుంది?

ఆముదం కట్టె. లోపల బోలుగా ఉంటుంది. అన్నింటికంటే తేలిక, అన్నింటికంటే పెళుసు. ఒక రోజు మాటుకు సరిపోతుంది.

తాటాకు, ఈతాకు. తాటాకు వెడల్పుగా ఉంటుంది, రెండు మట్టలతో ఒక మనిషి దాగవచ్చు. కానీ ఎండితే చప్పుడు. ‘తాటాకు చప్పుళ్ళకు కుందేళ్ళు బెదురుతాయా’ అని సామెత చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. తాటాకు చప్పుడనగానే కుందేలు గుర్తొచ్చిందంటే ఆ సామెత వెనక ఒక వేటగాడు ఉన్నాడని మా నమ్మకం. ఈతాకు సన్నం. అల్లితే చప్పుడు చేయదు, చుట్టచుట్టి చంకన పెట్టుకోవచ్చు. ఈతాకు అల్లడంలో ఎరుకలవారిని మించినవారు లేరు. ఎరుకలలో పనిని బట్టి వచ్చిన తెగల పేర్లలో వెదురు దబ్బ పేరు, ఈతపుల్లల పేరు, ఉప్పు పేరు, కరివేపాకు పేరు ఉన్నాయి. సామాను పేరే మనిషి పేరు అయిన చరిత్ర అది.

జమ్ము. చెరువు అంచున పెరిగేది. లోపలంతా గాలి గదులు ఉంటాయి కనుక నీళ్ళ మీద తేలుతుంది. చెరువు దగ్గరి మాటుకు దీనిని మించింది లేదు. అక్కడిదే కోసి అక్కడే కట్టవచ్చు, మోసే పనే ఉండదు. పిట్టలకు అది అలవాటైన రంగు, అలవాటైన వాసన.

వెదురు. ఈ చెలకలు వెదురు దట్టంగా పెరిగే అడవి కాదు. వెదురు బయటినుంచి డబ్బు పెట్టి తెచ్చుకోవలసిందే. అందుకే నిండు వెదురు వాడరు, చీల్చిన దబ్బలు రెండో మూడో అడ్డంగా వేసి కందికట్టెను వాటికి కడతారు. బలం వెదురుది, చాటు కందికట్టెది.

కట్టడానికి నార. మోదుగ వేరు దంచితే వచ్చే నార, జనుము, కిత్తనార. తీగ, మేకు వాడితే బరువు, చప్పుడు, మెరుపు మూడూ పెరుగుతాయి. నారతో కట్టిన తడిక మడిచినప్పుడు కిర్రుమనదు.

పచ్చి కొమ్మలు. కొత్తవాడు మొదట చేసే పని పచ్చి కొమ్మలు విరిచి చుట్టూ గుచ్చడం. పచ్చి కొమ్మలో నీరుంటుంది కనుక బరువు. ఎండకు సాయంత్రానికే వాడిపోతుంది, రంగు మారుతుంది, ఆకు ముడుచుకుని సందులు పడతాయి. విరిగిన కొమ్మ పచ్చి వాసన వేస్తుంది. పైగా ఆ చెట్టుకు నష్టం. అనుభవం ఉన్నవాడు ఎండు తడిక తెచ్చుకుని, దాని ముందు రెండు మూడు తంగేడు కొమ్మలు మాత్రం ఆనిస్తాడు.

ఇక అన్నింటికంటే తెలివైన ఎంపిక, ఏదీ తీసుకుపోకపోవడం. శామీర్‌పేట చుట్టుపక్కల గుండ్లు ఉన్నచోట వెనక గుండు, పక్కన రేగుపొద ఉంటే ముందు వైపు ఒక్క తడిక చాలు. నాలుగు వైపులా కట్టేవాడు నాలుగింతలు మోస్తాడు. చోటు ఎంచుకోవడం తెలిసినవాడు పావువంతు మోస్తాడు. సామాను తూకం కంటే చోటు తూకం ముందు.

మోయక్కర్లేని మాటులు

బరువు తగ్గించుకుంటూ పోతే చివరికి ఎక్కడికి చేరుతుంది? మోసే పనే లేని మాటుకు. పార్థీలు దాన్ని కనుక్కున్నారు. 1916లో రస్సెల్, హీరాలాల్ మధ్యపరగణాల కులాల గురించి రాసిన గ్రంథంలో పార్థీలలోని తెగలను పేర్కొన్నారు. ఉచ్చులతో పట్టేవారు ఫాన్సే పార్థీలు. మచ్చిక చేసిన చీతాతో జింకలను వేటాడేవారు చీతావాలాలు. ఎద్దు చాటున నడుస్తూ వేటాడేవారు గాయకే.

ఈ గాయకే పద్ధతి గురించి కాస్త ఆలోచించండి. బయలు నేలలో జింక మనిషిని చూస్తే పరుగెత్తుతుంది. మేస్తున్న ఎద్దును చూస్తే తలకూడా ఎత్తదు. ఎద్దును నెమ్మదిగా, మేస్తున్నట్టు, అడ్డంగా నడవడానికి మచ్చిక చేస్తారు. వేటగాడు దాని అవతలి పక్కన, దాని అడుగులో అడుగు వేస్తూ వంగి నడుస్తాడు. ఆ మాటుకు కట్టె అక్కర్లేదు, నార అక్కర్లేదు, తన బరువు తానే మోసుకుంటుంది, సాయంత్రం సామాను కూడా మోస్తుంది. తడిక ఒకచోట నిలిచేది, ఎద్దు కదిలే తడిక.

చెరువులో ఇంకో ఉపాయం ఉంది. మన దేశంలో చాలా చోట్ల బాతులు పట్టేవాళ్ళు ముందు కొన్ని రోజులు ఖాళీ కుండలను నీళ్ళ మీద వదిలేవారు. బాతులు వాటికి అలవాటు పడేవి. తర్వాత వేటగాడు కళ్ళకు రంధ్రాలు చేసిన కుండను తలకు బోర్లించుకుని మెడలోతు నీళ్ళలో మెల్లగా పోయి బాతు కాళ్ళు పట్టి కిందికి లాగేవాడు. చాటు మొత్తం ఒక్క కుండ.

ఇది మన ఒక్కరి తెలివి కాదు. అమెరికాలోని నెవాడాలో లవ్‌లాక్ గుహలో 1924లో జమ్ములాంటి తూలీ రెల్లుతో చేసిన దీమపు బాతులు దొరికాయి. అవి సుమారు 2000 ఏళ్ళ నాటివి. కొన్నింటికి ఈకలు కూడా అతికించి ఉన్నాయి. అక్కడి ఆదివాసులు తమ చెరువులో పెరిగిన రెల్లునే ఎంచుకున్నారు, ఎందుకంటే అది తేలుతుంది, తేలిక, అక్కడే దొరుకుతుంది. మంచుదేశమైన గ్రీన్‌లాండ్‌లో ఇన్యూట్ వేటగాళ్ళు చిన్న బండికి తెల్లగుడ్డ తెర కట్టి, దాన్ని ముందుకు తోస్తూ మంచు మీద సీల్ దగ్గరికి పాకుతారు. చెలకలో కందికట్టె, చెరువులో జమ్ము, మంచులో తెల్లగుడ్డ. సామాను వేరు, ఆలోచన ఒక్కటే: ఆ నేల రంగులో, ఒక మనిషి మోయగలిగినంతలో.

దొరల మంచె

ఇప్పుడు ఇంకో రకం మాటును చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుపొందినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ హైదరాబాద్ రాజ్యానికి వేటకు వచ్చాడు. వరంగల్ వైపు నెక్కొండ శిబిరంలో చచ్చిన పులి వెనక కర్జన్, ఆయన భార్య నిలబడిన ఫోటో ఇప్పటికీ అందరూ చూస్తున్నారు. లాలా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన వేట చిత్రాల్లో అది బాగా ప్రసిద్ధమైనది.

దొరల పులివేటలో మంచె ఎలా ఉండేదో ఆలోచించండి. చెట్టు కొమ్మల మధ్య మొద్దులు కట్టి, మంచమో కుర్చీయో పెట్టి, పరుపు వేసి, తుపాకులు, నీళ్ళు, తిండి అన్నీ పైకి చేర్చాలి. ఎదురుగా అడవిలో వరుసగా నిలబడి డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ మృగాన్ని మంచె వైపు తోలాలి. దీన్ని హాకా అనేవారు. జాడ చూపినవాళ్ళు, మొద్దులు మోసినవాళ్ళు, పులి ఎదురుగా కాలినడకన కేకలు వేసినవాళ్ళు చుట్టుపక్కల గూడేలవాళ్ళు. ఫోటోలో వాళ్ళు ఉంటే వెనక వరుసలో, పేరు లేకుండా ఉంటారు.

ఇక్కడే మా అసలు మాట చెబుతాం. ఒక మాటు ఎంత బరువుందో చూస్తే దాన్ని ఎవరు మోశారో తెలుస్తుంది. మోసేవాడే వేటగాడైతే మాటు తేలికగా ఉంటుంది. మోసేవాడు ఒకడు, కూర్చునేవాడు ఇంకొకడు అయితే మాటు ఎంత బరువైనా పరవాలేదు. పార్థీ తడిక తేలికగా ఉండటానికి కారణం పేదరికం ఒక్కటే అనుకుంటే పొరపాటు. తన బరువును ఇంకొకరి మీద వేయని బతుకు అది.

తేలిక సామాను మీద నేరపు ముద్ర

తేలికగా ఉండటం, తొందరగా విప్పుకుని పోవడం, జాడ మిగల్చకపోవడం. వేటలో ఇవి నేర్పు. సర్కారు కంటికి ఇవే నేరానికి గుర్తులయ్యాయి. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తర భారతంలో, 1911 చట్టంతో మద్రాసు రాజధానిలోనూ అమలైంది. తిరిగే తెగలన్నీ అనుమానితులే. పుట్టుకతోనే నేరస్థులు అన్న ముద్ర. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పెట్టి ఎరుకలవారిని అక్కడ ఉంచారు. చీటీ లేకుండా కదలకూడని మనిషికి మోసుకుపోయే తడికతో పనేముంది? చేతిలో ఉంటే అది దొంగతనానికి సాక్ష్యం అవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఆ రోజును విముక్త తెగలు ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటున్నాయి. చట్టం పోయింది కానీ మాట పోలేదు. ‘మాటు వేసినవాడు’ అంటే దొంగ అన్న అర్థం మన భాషలో నిలిచిపోయింది.

తర్వాత 1972 చట్టం వచ్చింది. జంతువులు తగ్గిపోయిన కాలంలో అది కావలసిన చట్టమే. మన దేశంలో చీతా 1952 నాటికి పూర్తిగా అంతరించిందని ప్రకటించారు. చీతావాలా పార్థీల విద్య ఆ జంతువుతోపాటే పోయింది. కానీ ఆ జంతువులను తగ్గించింది ఎవరు? ఎద్దు చాటున ఒకరోజుకు ఒక జింకను తెచ్చుకున్నవాళ్ళా, తుపాకులతో ఒక్క పూటలో గుట్టలు పోసి ఫోటోలు దిగినవాళ్ళా? అడవులు నరికి, చెలకలు చదును చేసినవాళ్ళ పాలు ఎంత? నిషేధం అందరికీ సమానంగా వచ్చింది. తిండి పోయింది మాత్రం ఒకరికే.

2006 అటవీ హక్కుల చట్టం ఇంకో విచిత్రమైన సంగతి చూపిస్తుంది. అందులో వెదురు, తేనె, తునికాకు, పొదకట్టె చిన్నతరహా అటవీ ఫలసాయంగా మనకు హక్కు. సంప్రదాయంగా అనుభవించిన ఇతర హక్కులు కూడా ఒప్పుకుంది, కానీ వేట, ఉచ్చు పెట్టే హక్కును మినహాయించింది. అంటే మాటు కట్టే సామాను మీద మనకు హక్కు ఉంది, మాటులో కూర్చుని చేసే పని మీద లేదు. దీన్ని నష్టంగా మాత్రమే చూడనక్కర్లేదు. అదే సామానుతో అదే మాటులో ఇంకో పని చేయవచ్చు. దాని గురించి చివర చెబుతాం.

పేర్లు, జాబితాలు

మన యువకులు ఉద్యోగ పరీక్షలకు చదువుతారు కనుక ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఒకే విద్య తెలిసినవాళ్ళు రాష్ట్రం సరిహద్దు దాటితే వేరే జాబితాలో పడతారు. లంబాడీలు 1976 సవరణ చట్టంతో తెలంగాణ ప్రాంతంలో షెడ్యూల్డు తెగలయ్యారు. నక్కల, కుర్వికరన్ పేర్లు 2003లో షెడ్యూల్డు తెగల్లో చేరాయి. వీళ్ళు నక్క కూతను అనుకరించి నక్కలను పట్టడంలో, పిట్టలు పట్టడంలో పేరు పొందినవారు. పార్థీ (నిర్షికారి) మన దగ్గర బీసీ–ఏ జాబితాలో ఉంది. మహారాష్ట్రలో అదే పార్థీ షెడ్యూల్డు తెగ. ఆ రాష్ట్రపు జాబితాలో పార్థీ పక్కనే ‘అడ్విచించర్’ అనే పేరు ఉంది. చెవి పెట్టి వింటే అందులో మన ‘అడవి చెంచు’ వినిపిస్తుంది. జాబితాలు రాసినవాళ్ళకు సరిహద్దు కనిపించింది, ఎద్దు చాటున నడిచినవాడికి జింక కనిపించింది.

ఈ తెగల గురించి రాసినవాళ్ళు లేకపోలేదు. థర్‌స్టన్ 1909లో దక్షిణ భారతం మీద ఏడు సంపుటాలు, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో నిజాం రాజ్యం మీద ఒక గ్రంథం రాశారు. హైమెన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాద్ చెంచుల మధ్య ఉండి 1943లో పుస్తకం వేశాడు. చెంచుల తిండిలో వేటకన్నా దుంపలు, పండ్లదే పెద్దపాలు అని ఆయన చూశాడు. అడవిమనిషి అంటే పొద్దస్తమానం చంపేవాడు అనుకునేవాళ్ళకు అది సరైన జవాబు. ఆ పుస్తకాలు మనకు కావాలి. అయితే అవి మనల్ని చూసినవాళ్ళు రాసినవి. తడిక కట్టిన చేతులు రాసినవి కావు.

అదే మాటు, వేరే పని

సలీం అలీ 1931–32లో హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. ఆయన చేసిన ప్రాంతీయ సర్వేల్లో అది మొదటిది. తర్వాతి కాలంలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వలస పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పని పెట్టుకున్నప్పుడు పక్షిని గాయం కాకుండా పట్టగలవాళ్ళు కావలసి వచ్చారు. బీహార్‌కు చెందిన మీర్‌శికార్ తెగ మనిషి అలీ హుస్సేన్ ఆ పనిలో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆకుల తడిక వెనక నడవడం, వెదురు కర్రలు కలుపుకుంటూ పిట్టను అందుకోవడం మీర్‌శికార్‌ల పాత విద్య. ఆ విద్యే విజ్ఞానశాస్త్రానికి చేయి అందించింది. ఇవాళ అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో పులి జాడ పట్టే పనిలో చెంచు యువకులు ఉన్నారు. విద్య పాతదే, పని కొత్తది.

మేడ్చల్, శామీర్‌పేట వైపు చూస్తే మారిపోయింది విద్య ఒక్కటే కాదు, నేల కూడా. తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చింది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ ప్రాంగణం, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాయి. మంచివే. కానీ కంది వేసిన చెలక ప్లాట్లయింది, ఈతవనం పోయింది. పదేళ్ళ పిల్లవాడికి తంగేడు బతుకమ్మ నాడు తప్ప కనిపించదు. సామాను పోతే సామాను పేరు పోతుంది, పేరు పోతే దాని గుణం తెలిసినవాడూ పోతాడు. మాకు ఉన్న తొందర అందుకే.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. బడి పిల్లలతో అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు చేయించండి: కందికట్టెది, జొన్నదంటుది, జమ్ముది, ఈతాకు చాపది, గోనెసంచిది, ప్లాస్టిక్ పట్టాది. బడిలోనో కిరాణా దుకాణంలోనో తూకం వేయించండి. ఎండుగా ఒకసారి, నీళ్ళలో ముంచి తీసి ఒకసారి. చేత్తో వంచి ఏది చప్పుడు చేస్తుందో వినమనండి. ఎండలో పెట్టి ఏది మెరుస్తుందో చూడమనండి. పట్టా అన్నింటికంటే తేలిక అని పిల్లలు మొదట అంటారు. అది గాలికి పటపటమంటుందని, దూరానికే మెరుస్తుందని, లోపల ఉక్కపోస్తుందని గంటలో వాళ్ళే చెబుతారు. ఆ లెక్కలన్నీ పట్టికగా రాయిస్తే గణితం, విజ్ఞానం, చరిత్ర మూడూ ఒక్క పాఠమవుతాయి. తడిక కట్టించడానికి తండాలోనో, గూడెంలోనో ఉన్న అవ్వనో తాతనో బడికి పిలవండి. ఆ పూటకు వాళ్ళే పంతుళ్ళు. వాళ్ళు చెప్పిన ప్రతి పేరునూ వాళ్ళ భాషలోనే రాసుకోండి, తెలుగులోకి మార్చకండి.

కట్టిన తడికను చలికాలంలో చెరువుకు దూరంగా, ఊరివాళ్ళకు, సంబంధిత అధికారులకు చెప్పి నిలపండి. కూర్చున్నప్పుడు కళ్ళ ఎత్తులో అరచేయంత సందు చాలు. వెనకనుంచి వెలుతురు పడితే మనిషి నీడ బయటికి కనిపిస్తుంది కనుక వెనక ఒక నల్ల గొంగడి వేలాడదీయండి. పొద్దు వీపు వెనక ఉండాలి. తేలిక తడిక గాలికి ఊగుతుంది, ఊగితే పిట్ట బెదురుతుంది, కాబట్టి రెండు పక్కలా నారతో గుంజకో రాయికో బిగించాలి. కట్టిన రోజే కూర్చోవద్దు. రెండు మూడు రోజులు వదిలేస్తే పిట్టలు దాన్ని నేలలో భాగమనుకుంటాయి. గూళ్ళ దగ్గర అసలే వద్దు. పోయేటప్పుడు అన్నీ విప్పి తీసుకుపోవాలి, ఒక్క నారముక్క మిగలకూడదు. జాడ మిగల్చకపోవడం మనవాళ్ళు ఎప్పుడో నేర్చిన మర్యాద.

ఆ సందులోంచి చూసే పిల్లవాడి చేతిలో ఉచ్చు ఉండదు, నోటుపుస్తకం ఉంటుంది. చూసిన పిట్ట పేరు రాసేటప్పుడు ఆ తడికను మొదట అల్లినవాళ్ళ పేరు కూడా పక్కనే రాయమని మా కోరిక.